గేటు లేని కార్ఖానా



1918 ఏప్రిల్‌లో బి.పి. వాడియా గారి అధ్యక్షతన మద్రాస్ లేబర్ యూనియన్ వెలసిననాడు, బకింగ్‌హాం కర్నాటిక్ మిల్లుల కార్మికులు ఒకరినొకరు కలిసికొనుటకు వేరొక సాధనమక్కరలేదు. వేలమంది నిత్యము నడచు మిల్లు గేటే వారికి సభాస్థలి. నేడు హైదరాబాదు వీథులలో కారు నడుపువానికిని, వీపున సంచి మోసికొని ఇంటింటికి భోజనము చేర్చువానికిని ఆ గేటు లేదు. పని యిచ్చునది ఫోను, కూలి లెక్కగట్టునది ఫోను, ఒకానొక ఉదయమున కారణము చెప్పక ఐడీ బ్లాకు చేసి పొట్టగొట్టునదియు ఆ ఫోనే. ఇట్టివారు 2020-21 నాటికే దేశమున 77 లక్షలమందియని నీతి ఆయోగ్ అంచనా. తమ్ము విడదీసిన ఆ యంత్రమునే సంఘమందిరముగా మార్చుకొన్న వారి బుద్ధిని నేను మనసార కొనియాడుచున్నాను.

గత వేసవిలో మాదాపూరున ఒక చాయ్ దుకాణము ప్రక్క నిలిచియుండగా, ఒక డ్రైవరు ఫోను చెవికానించుకొని సంఘ కార్యదర్శి పంపిన వాయిస్ మెసేజి విని, చాలక మరల మొదటినుండి విని, తానును ఇట్లు పలికి పంపెను: “అన్నా, నా ఐడీ బంద్ అయి మూడు దినాలాయె, ఎవలకు చెప్పాలె?” చాయ్ చల్లారకమునుపే జవాబు వచ్చినది: “స్క్రీన్‌షాట్ తీసి పెట్టు తమ్మీ, రేపు పదింటికి ఆఫీసుకు పోదాం.” చదువురానివానికిని సంఘమున నోరు కల్పించిన ఆ చిన్న సదుపాయము నాకు గొప్ప సంస్కరణముగా దోచినది.

2024 ఏప్రిల్‌లో తెలంగాణ గిగ్ అండ్ ప్లాట్‌ఫామ్ వర్కర్స్ యూనియన్, ఏసీ వేసినచో కిరాయి గిట్టదని లెక్కలతో చాటి, ‘నో ఏసీ’ ఉద్యమము నడపినప్పుడు, డ్రైవరు గోడు ప్రయాణికుని చెవికిని సోకినది. కాని మన సంఘములు అనేకము నేటికిని నాయకుల పూలదండల ఫోటోలు పంపుటయే ప్రచారమని భ్రమించుచు, అడ్మిన్లు తప్ప అన్యులు మాటాడరాని గ్రూపులు నడపుచున్నవి. చందా కట్టినవానికి అడుగు హక్కు లేని చోటు సంఘమెట్లగును? నేడు పట్టములందుకొనుచున్న మీలో కార్మికోద్యమమున ప్రవేశించువారు మొట్టమొదట ఆ తాళము తీయుడని వేడుకొనుచున్నాను.

మాదాపూరున ఆ సందేశములు విన్న మరునాడు కుతూహలముకొలది నేనును పదింటికి పోతిని. కచేరి మెట్లపై పదునలుగురు నిలిచియుండిరి. నడుమ ఆ డ్రైవరు, స్క్రీన్‌షాటు ఆరిపోకుండ తెరను మాటిమాటికి వ్రేలితో తాకుచుండెను.