ఉద్యోగం పేరు, ఉద్యోగంలో రోజు



ఎందరికో చదువు చెప్పిన మాస్టారి పేరిట ఉన్న నిధి తరఫున ఏటా జరిగే ఈ ఉపన్యాసంలో ‘స్వభావానికి తగిన వృత్తి’ గురించి మాట్లాడమన్నారు. ఒప్పుకున్నాక నాకో అనుమానం వచ్చింది. మన దగ్గర వృత్తిని ఎంచుకునేది అసలు ఎవరు? పదో తరగతి ఫలితాలు రాకముందే, చాలా ఇళ్లలో సంక్రాంతి సెలవులనాటికే, కార్పొరేట్ కాలేజీ పీఆర్వో వచ్చి అడ్వాన్సు పుచ్చుకుని వెళతాడు. ఎంపీసీయా బైపీసీయా అన్నది ఆ రోజే తేలిపోతుంది. రెండేళ్లు తిరిగేసరికి ఎంసెట్ ర్యాంకు వస్తుంది. పేరు ఈఏపీసెట్ అని మార్చినా జనం నోట అది ఎంసెటే. ఏ కాలేజీ, ఏ బ్రాంచి అన్నది ఆ ర్యాంకే చెబుతుంది. ఈ దారిలో ఎక్కడా ‘మీవాడి తత్త్వం ఏమిటి’ అని అడిగే మనిషి తగలడు. ఆ ప్రశ్న ఎదురయ్యేది ముప్ఫై దాటాక, ఆఫీసులో హెచ్‌ఆర్ వాళ్లు శిక్షణ పేరుతో పెట్టే ప్రశ్నపత్రంలో. నువ్వు ఫలానా రకం మనిషివి అని నాలుగు అక్షరాలు చేతిలో పెడతారు. అప్పటికి ఇంటి లోను ఈఎంఐలు సగం కూడా తీరి ఉండవు.

ఈ ప్రశ్నను ఉద్యోగంలో చేరకముందే అడగాలని పట్టుబట్టినవాడు అమెరికాలో ఒకాయన ఉండేవాడు, ఫ్రాంక్ పార్సన్స్. 1908 జనవరిలో బోస్టన్‌లో యువకులకు వృత్తి సలహా చెప్పే కార్యాలయం తెరిచాడు. వలస కుటుంబాల పిల్లలు, ఏ పని దొరికితే అందులో పడిపోతున్నవాళ్లు, ఆయన దగ్గరకు వచ్చేవారు. ఆయన స్వయంగా ఇంజనీరుగా మొదలై, కంపెనీ దివాలా తీస్తే కూలిపని చేసి, బడిలో పాఠాలు చెప్పి, లాయరై, ఆ పైన ప్రొఫెసరైన మనిషి. వృత్తులు ఎన్ని మారిస్తే ఏమవుతుందో ఆయనకు పుస్తకం చదివి తెలుసుకోవలసిన అవసరం లేదు. ఆ ఏడాదే సెప్టెంబరులో చనిపోయాడు. వృత్తి ఎంపిక మీద ఆయన రాసిన పుస్తకం 1909లో వెలువడింది. ఆయన చెప్పినవి మూడు మాటలు: నిన్ను నువ్వు తెలుసుకో, పనిని తెలుసుకో, అంటే దానికి ఏం కావాలి, జీతమెంత, ఎదుగుదల ఎంత, కష్టనష్టాలేమిటి, ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి ఆలోచించు.

తర్వాత వందేళ్లలో జరిగిందేమిటంటే, ఈ మూడింటిలో మొదటిదానికి మాత్రం పెద్ద బజారు ఏర్పడింది. కేథరీన్ బ్రిగ్స్, ఆమె కూతురు ఇసబెల్ మయ్యర్స్, ఇద్దరూ మనస్తత్వశాస్త్రంలో పట్టా తీసుకున్నవారు కారు. కూతురు డిటెక్టివ్ నవల రాసి బహుమతి కూడా కొట్టింది. 1921లో మనస్తత్వవేత్త యుంగ్ రాసిన స్వభావ భేదాల గ్రంథాన్ని పట్టుకుని, రెండో ప్రపంచ యుద్ధకాలంలో కొత్తగా ఉద్యోగాల్లోకి వస్తున్న ఆడవాళ్లకు ఎవరికి ఏ పని నప్పుతుందో చెప్పాలని వారు ప్రశ్నపత్రం తయారుచేశారు. మంచి ఉద్దేశమే. అంతర్ముఖులా బహిర్ముఖులా వంటి నాలుగు జంటలు, వాటిని కలిపితే పదహారు రకాల మనుషులు. హెచ్‌ఆర్ వాళ్లు చేతిలో పెట్టే నాలుగు అక్షరాలు ఈ జంటలవే. చిక్కంతా ఆ జంటల మధ్య గీసిన గీతలో ఉంది. పరీక్షలో 34 వచ్చినవాడు ఫెయిలు, 36 వచ్చినవాడు పాసు అన్నట్టు, మధ్యలో నిలబడ్డ మనిషిని కూడా అటో ఇటో తోసేస్తుంది. మనలో ఎక్కువమందిమి నిలబడేది ఆ మధ్యలోనే. అందుకే కొన్ని వారాలాగి మళ్లీ రాస్తే చాలామందికి ఒక అక్షరమైనా మారుతుంది. కాలక్షేపానికైతే రాయండి, దాన్ని చూసి గ్రూపు మాత్రం ఎంచుకోకండి.

మనస్తత్వవేత్త జాన్ హాలండ్ దారి వేరు. యుద్ధకాలంలో సైన్యంలో చేరేవారిని ఇంటర్వ్యూ చేసే పని ఆయనది. వాళ్లు అంతకుముందు చేసిన పనులు చెబుతుంటే వినీ వినీ, మనుషులు కొన్ని మూసల్లో ఒదుగుతున్నారని గమనించాడు. 1959లో దాన్ని సిద్ధాంతంగా ప్రకటించాడు. ఆ మూసలు ఆరు: చేతిపని, పనిముట్లు ఇష్టమైనవారు, ఎందుకు, ఎలా అని ఆరా తీసేవారు, కళాప్రియులు, మనుషులతో మెలిగి సాయపడేవారు, నలుగురినీ ఒప్పించి నడిపించేవారు, లెక్కాపత్రం పద్ధతిగా నడిపేవారు. ఏ మనిషీ ఒక్క గడిలో ఇమడడని, ముందు వచ్చే రెండు మూడు కలిపి చూడాలని ఆయనే చెప్పాడు. నాకు నచ్చింది ఇది కాదు. స్వభావం మనిషికే కాదు, పనిచేసే చోటుకీ ఉంటుందని, ఆ చోట ఎటువంటి మనుషులు గుమిగూడారో దాన్నిబట్టే అది ఏర్పడుతుందని అన్నాడు. పార్సన్స్ చెప్పిన రెండో మాటకు మళ్లీ ప్రాణం పోసినట్టయింది.

అయితే ఇక్కడ కూడా ఒక తిరకాసు ఉంది. వృత్తి అని మనం ఒక్క పేరుతో పిలిచే దానిలో పది పనులుంటాయి. మన యల్లాప్రగడ సుబ్బారావు గారినే చూడండి. 1895లో భీమవరంలో పుట్టారు. మెట్రిక్యులేషన్ మూడోసారికి గట్టెక్కారు. రామకృష్ణ మిషన్‌లో చేరి సన్యాసం పుచ్చుకుందామనుకుంటే తల్లి ఒప్పుకోలేదు. మద్రాసు మెడికల్ కాలేజీలో చేరి, గాంధీగారి మాట విని ఖద్దరు కట్టారు. శస్త్రచికిత్స ప్రొఫెసరుకు కంటగింపయింది. చివరికి ఎం.బి.బి.ఎస్. బదులు దానికంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. చేతికొచ్చింది. ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం చెప్పుకుంటూ కొంతకాలం గడిపారు. ఈ చరిత్ర పట్టుకెళ్లి మన కాలేజీల్లో కౌన్సెలర్‌కి ఇస్తే ‘వైద్యం మీవాడి లైను కాదు’ అని చెప్పి పంపేస్తాడు.

1922లో ఆయన బోస్టన్ చేరారు. పార్సన్స్ కార్యాలయం పెట్టిన ఊరే. ఖర్చులకు ఆసుపత్రిలో రాత్రిపూట పోర్టరు పని చేశారు. హార్వర్డ్‌లో ఫిస్క్ అనే శాస్త్రవేత్తతో కలిసి రక్తంలో, మూత్రంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతి కనిపెట్టారు. 1925లో అచ్చయిన ఆ పద్ధతి ఇద్దరి పేర్లతోనే ప్రయోగశాలల్లో నిలిచిపోయింది. కండరాల్లో శక్తిని దాచే ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీల మీద ఆయన చేసిన పని కూడా ఆ వరసలోనిదే. హార్వర్డ్‌లో శాశ్వత పదవి దక్కలేదు. 1940లో లెడర్లీ కంపెనీకి వెళ్లారు. ఫోలిక్ యాసిడ్, మెథోట్రెక్సేట్, బోదకాలుకు మందు, ఆరియోమైసిన్ ఆయన నడిపిన ఆ పరిశోధన విభాగం నుంచే వచ్చాయి. 1948లో పోయారు.

ఆయన వృత్తి మార్చుకోలేదు, వైద్యంలోనే తనకు సరిపడే గదిని వెతుక్కున్నారు. నాడి పట్టుకుని రోగితో కబుర్లు చెప్పే గది కాదు, గాజు గొట్టాల మధ్య రాత్రి తెల్లవార్లూ ఒంటరిగా కూర్చునే గది. సన్యాసం కావాలన్న కుర్రవాడికీ ఈ శాస్త్రజ్ఞుడికీ తేడా పెద్దగా లేదని నాకనిపిస్తుంది. ఆయన పేరుప్రఖ్యాతులు కోరుకోకపోవడం కూడా అక్కడి నుంచే వచ్చి ఉంటుంది.

ఇలా గది వెతుక్కున్నవాళ్లు మనకింకా ఉన్నారు. రావిశాస్త్రి గారు విశాఖపట్నంలో ప్లీడరీ వదలకుండానే ఆ కోర్టు వరండాల్లోంచి కథలు తెచ్చారు. కేశవరెడ్డి గారు డిచ్‌పల్లిలో కుష్ఠురోగులకు వైద్యం చేస్తూ నవలలు రాశారు. రాయడానికని ఉద్యోగం మానేసి ఉంటే వారికి ఆ సరుకు దొరికేది కాదు.

అందుచేత పిల్లలతో మాట్లాడేటప్పుడు ఉద్యోగం పేరు పక్కన పెట్టి, ఆ ఉద్యోగంలో ఒక మామూలు రోజు ఎలా ఉంటుందో చూపించాలి. సాఫ్ట్‌వేర్ ఇంజనీరు అంటే ఒకడు రోజంతా హెడ్‌ఫోన్లు పెట్టుకుని కోడ్ రాస్తాడు, ఇంకొకడు రాత్రి పదింటికి అమెరికా క్లయింటు కోపాన్ని వినయంగా వింటాడు. ఇద్దరి విజిటింగ్ కార్డు మీదా ఉండేది ఒకే మాట. బ్యాంకు ఉద్యోగం అంటే ఏసీ గది అనుకుని వెళ్లిన పిల్లను ఊళ్లో శాఖకు వేస్తే, పంట రుణం రెన్యూవల్‌కు పాసుబుక్కు, అడంగల్ పట్టుకుని వచ్చిన రైతుకు సర్వే నంబరు ఎందుకు కలవడం లేదో వివరించాలి, అదీ క్యూలో నలభై మంది ఉండగా. ఆ రైతుతో మాట్లాడటం హాయిగా ఉందా, ప్రాణం మీదికి వస్తోందా? ఆ పిల్ల స్వభావాన్ని ఏ ప్రశ్నపత్రమూ ఇంత కచ్చితంగా చెప్పదు.

మాస్టారు ఈ పనే చేసేవారు, ఇంత మాట లేకుండా. వేసవి సెలవుల్లో పదో తరగతి పిల్లల్ని సబ్‌స్టేషన్‌కో, దర్జీ దుకాణానికో, కోర్టుకో, పశువుల ఆసుపత్రికో పంపి, పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చుని చూసి రమ్మనేవారు. వచ్చాక ఒకటే అడిగేవారు: ‘ఏ వేళకి విసుగొచ్చిందిరా?’ ఏం నచ్చిందని అడగకపోవడంలోనే ఆయన తెలివి ఉంది. నచ్చిందేమిటని అడిగితే పిల్లలు ఎదుటివాడికి ఇష్టమైనదే చెబుతారు. విసుగు దగ్గర అబద్ధం తట్టదు.

‘ఇష్టమైనది చదివిస్తాం సరే, అన్నం ఎవరు పెడతారు’ అని తల్లిదండ్రులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. అప్పుచేసి ఫీజు కట్టిన ఇంట్లో స్వభావం గురించి మాట్లాడటం సంపన్నుల ముచ్చటలా వినిపిస్తుంది. వృత్తి స్వభావానికి అమరితే సంతృప్తి కొంత పెరుగుతుందే తప్ప, అదొక్కటే మనిషిని నిలబెట్టదని పరిశోధనలూ చెబుతున్నాయి. పై అధికారి, జీతం, ఇంటికి దూరం, ఇవన్నీ ఉంటాయి. ఎంపీసీ తీసుకోవలసి వస్తే తీసుకోనివ్వండి. అందులో తనకు సరిపడే గది ఏదో వెతుక్కోవడానికి మాత్రం కళ్లు తెరిపించి పంపండి.

ఈ నిధి కమిటీవారికి ఒక విన్నపం. ఏటా వచ్చే వడ్డీలో నా బోటివాడి ఉపన్యాసానికి, శాలువకు, ఉపన్యాసాన్ని పుస్తకంగా అచ్చువేయడానికి పోగా మిగిలేదాన్ని మాస్టారు పంపినట్టే పనిచేసే చోట్లు చూసి వచ్చే మన బడి పిల్లల బస్సు ఛార్జీలకు కేటాయించండి. హెడ్మాస్టరు గారి ఉత్తరం ఉంటే చాలా ఆఫీసులు కాదనవు. ఆడపిల్లలకు తోడుగా ఒక టీచరమ్మను పంపాలి, మధ్యాహ్నం భోజనం సంగతి చూడాలి. ఈ వేసవికి పదిమందితో మొదలుపెట్టినా చాలు.