స్వామివారి కవచమునకు తగిన పేటిక



పత్తి, మిరప పండించు మన గుంటూరు, ప్రకాశం సీమలలో రైతులు పంట చేతికి రాగానే స్వామికి ముడుపు చెల్లింతురు. ఆ ముడుపులే వెండి కవచమై ప్రకాశించుచున్నవి. వాటిని పాతగుడ్డలో చుట్టి బీరువాలో నుంచినచో సొట్టలు పడును, నల్లబడును. కావున కొలతకు తగిన పేటికలు చేయింపవలెను.

తయారీదారునకు చెప్పుటకు ముందే కొన్ని నిశ్చయించుకొనవలెను. స్వామివారి మేనికి తగులు కవచమును పరులు ముట్టరాదు గనుక కొలతలు తీయుట అర్చకుల విధి. పొడవు, వెడల్పు, లోతు మిక్కిలి ఎక్కువైన చోటనే కొలిచి, మెత్త కొరకు చుట్టును 1 అంగుళము విడువవలెను. అట్టతో నమూనా కత్తిరించి యిచ్చినచో పొరపాటు కలుగదు. నాసిక, వ్రేళ్ళు మున్నగు సున్నిత భాగములపై బరువు పడకుండ లోపలి నుండి ఆధారముండవలెను.

ఉన్ని, రబ్బరు మెత్తలు వలదు. వానిలోని గంధకము వెండిని నల్లబరచును. ఉతికి బాగుగ ఆరబెట్టిన, రంగు వేయని నూలు వస్త్రము మేలు. అది మన చేల పంటయే గదా!

మొదట ఒక్క పేటిక చేయించి, కవచమును అందుంచి చూచి, పిమ్మట మిగిలినవి చెప్పుదము. దాతలారా! మూతపై మీ పేరు చెక్కించుటకన్న, మీ సమర్పణ మీ మనుమల కాలమునకును చెక్కుచెదరక నిలుచుట మిన్న కాదా?

శుభం భూయాత్.