మన బిడ్డలు ఏమి నేర్చుకొనుచున్నారు?



1912లో దోర్నకల్ మొదటి బిషప్పుగా అభిషిక్తులైన అజరయ్యగారు, బాప్తిస్మము పొందినవారిచేత తమ చేయి తమ తలమీదనే ఉంచుకొని, సువార్త చెప్పకుండుట తమకు శ్రమయేనని పలికించెడివారు. అట్లు పలికినవారిలో అనేకులు అక్షరము రాని కూలివారు.

మనకు చదువులు వచ్చినవి, ఉద్యోగములు వచ్చినవి. అయినను, “మనము క్రైస్తవులమని బడిలో చెప్పవద్దు” అను మాట కొన్ని ఇండ్లలో వినబడుచున్నది. సండేస్కూలులో నేర్పిన పాఠమును ఆ ఒక్క మాట తుడిచివేయును. బిడ్డలు మన బోధకంటె మన భయమునే త్వరగా నేర్చుకొందురు.

తిమోతి విశ్వాసము మొదట అవ్వ లోయిలో, తల్లి యునీకేలో ఉండెను. మనమును నేటి రాత్రి కుటుంబ ప్రార్థనలో బిడ్డలను దగ్గర కూర్చుండబెట్టుకొని, మన పెద్దలు ఏమి సహించి ప్రభువును వెంబడించిరో చెప్పుదము. రేపు ఎవరైన అడిగినప్పుడు, ఆ బిడ్డల యెదుటనే, ఆయన నామమును దాచక ఒప్పుకొందము. ఆమేన్.