కట్టుడుపండ్లు – పైమెఱుగు
(వార్షిక మహాసభయందు గావించిన ఉపన్యాసము)



సంఘనిధినుండి నిరుపేద వృద్ధులకు కట్టుడుపండ్లు పెట్టించుటయు, బాలుర పిప్పిపండ్లను పూడ్పించుటయు మంచిదని దాతలు కొందఱు తలపోయుచున్నారు. ఈ సత్కార్యమును గూర్చి నాలుగు మాటలు విన్నవించుకొందుము.

మేము వైద్యులము కాము. కట్టుడుపండ్లు ధరించినవారము, వానిని చేజేతుల చెఱుపుకొన్నవారము. త, థ, ద, ధ, న లను జీవితమంతయు బాలురచే పలికించిన మాకు, పండ్లూడిన పిమ్మట ఆ దంత్యములే పలుకరాకపోయెను. కట్టుడుపండ్లతో అక్షరములును తిరిగివచ్చెను. ఆ సంతోషమున వానిని ప్రతిదినమును గరుకైన పండ్లపొడితో తోమితిమి. ఏడాది తిరుగకమున్నే నునుపు పోయి, మరకలు పట్టి, దుర్గంధము పుట్టెను. వస్తువు గట్టిదే, చెడినది దాని పైతలము. అప్పటినుండి ఈ విషయమును విచారించుచున్నాము.

కట్టుడుపండ్ల చిగురుభాగము సాధారణముగా ఆక్రిలిక్ రెజినుతో చేయబడును. పిప్పిపంటిని పూడ్చు తెల్లని పదార్థమును ఒకవిధమగు రెజినే. అందు గాజువంటి సన్నని పొడి కలిసియుండును. వ్యాకరణమున సంధికార్యము పదముల అంచులయందు జరుగునట్లే, ఈ పదార్థముల మన్నికయు అంచులయందే నిర్ణయమగును.

మొదటి అంచు పంటితో కలియుచోటు. లోహములపై రంగు నిలుచుటకు పరిశ్రమలలో ఫాస్ఫారికామ్లము వాడుటను గమనించి, అమెరికాలోని రోచెస్టరు నగరమున మైకేల్ బ్యూనోకోర్ పంటి ఎనామిలుపై ఆ యామ్లమును 30 సెకండ్లపాటు పూసి, కడిగి, రెజినును అతికించి, ఫలితమును 1955లో ప్రకటించెను. ఆమ్లము సూక్ష్మరంధ్రములు కల్పించును. రెజిను వానిలో వేళ్లూనును. నేడు ఇంచుమించు 37 శాతపు ఆమ్లమును వాడుదురు. ఇత్తడిపాత్రను నవాసారముతో శుభ్రపఱుపక కలాయి వేసిన నిలుచునా? ఇదియు నట్టిదే. ఆమ్లము కడిగిన పిమ్మట ఎంగిలి తగిలినచో అతుకు బలహీనమగును.

రెండవది పొడికిని రెజినుకును నడిమి అంచు. 1962లో పేటెంటు పొందిన రాఫెల్ బోవెన్ సిలికాపొడికి ముందుగా సిలేను పూత నిచ్చెను. ఈ సిలేను ఒకవైపు రాతిరేణువును, ఒకవైపు రెజినును పట్టుకొనును. ఇది లేనిచో రేణువులు ఊడిపోవును.

మూడవది నోటికి తగులు పైతలము. పూరణమును నీలికాంతితో గట్టిపఱుపగా, గాలిలోని ప్రాణవాయువు పైపొరను పూర్తిగా గట్టిపడనీయదు. ఆ జిగటపొరను నునుపుచేయునపుడు తొలగింపవలెను. లేదా గ్లిసరిను పూసి మఱల కాంతి చూపవలెను. గరుకుతనము 0.2 మైక్రోమీటరు, అనగా మిల్లీమీటరులో 5000వ వంతు, మించినచో సూక్ష్మజీవులు అధికముగా పేరుకొనును. నునుపు అలంకారము కాదు, ఆరోగ్యమే.

పాత పూరణము అంచున విఱిగినపుడు సర్వమును పెఱికివేయ నక్కఱలేదు. అనేకసమయములయందు దానిని గరుకుచేసి, సిలేనును జిగురుద్రవమును పూసి, క్రొత్త రెజినును అతుకవచ్చును. ధనమును మిగులును, పన్నును మిగులును.

కావున దాతలకు మా మనవి యిది. ఎంతమందికి పండ్లు పెట్టించితిమను లెక్కతో తృప్తిపడరాదు. తుదిమెఱుగు పెట్టుటకును, కొన్నినెలలకు మఱల పరీక్షించుటకును గూడ ద్రవ్యము కేటాయింపవలెను. ఈ నియమములను తెలుగున ముద్రించి పండ్లతోపాటు చేతికీయవలెను: మెత్తని కుంచెతోను సబ్బునీటితోను తోముడు, పండ్లపొడి, బూడిద, ఇటుకపొడి తాకింపకుడు, మరుగునీట వేయకుడు, వంకరపోవును, రాత్రి తీసి చల్లనినీట నుంచుడు.

ఈ నాలుగు మాటలు మాకు ఆనాడే యెవరైన చెప్పియుండిన, మా మొదటి జత పండ్లు మఱికొన్నేండ్లు మన్నియుండెడివి. మేము పోగొట్టుకొన్నదానికి రెండవజత కొనుకొనగలిగితిమి. మన దానము స్వీకరించు వృద్ధునకు రెండవజత యెవరిత్తురు? ఇదియే మా ప్రశ్న. స్వస్తి.