కళ్లద్దాలు పోయినయి, కంటి పరీక్ష పోలేదు

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో ఆరోగ్య ఉపసంఘం సభ్యురాలు చేసిన ప్రసంగ పాఠం)



పోయిన సభలో నేను పొదుపు లెక్కలు చదివిన. ఈసారి మా ఇంటి సంగతి చెప్తాను. ఎందుకంటే ఇందులో సంఘం అప్పు ఉంది, సంఘం ఇచ్చిన బుద్ధి కూడా ఉంది.

మా బిడ్డకు చిన్నప్పటి నుంచి దూరపు చూపు ఆనదు. నాలుగో తరగతిలో అద్దాలు పెట్టినం. ఇరవై దాటేసరికి మైనస్ 13. సోడాబుడ్డి అద్దాలు. రెండు సంబంధాలు వచ్చి అద్దాలు చూసి పోయినయి. అప్పుడు పెళ్లిళ్ల పేరయ్య అన్నడు, "లేజర్ చేయించెయ్యండి, ఎవరికీ చెప్పకండి" అని.

నేను తొందరపడ్డ. టౌన్‌లో ఒక చోటికి తీసుకపోతే, సరిగా పరీక్ష కూడా చెయ్యకుండా "ఈ రోజే అడ్వాన్సు కడితే తగ్గిస్తం" అన్నరు. మూడు రూపాయల వడ్డీకి అప్పు మాట్లాడుకొని వచ్చిన. లక్షా ఇరవై వేలకు నెలకు 3,600, ఏడాదికి 43,200 వడ్డీయే!

ఆ వారం సంఘం మీటింగ్‌లో అప్పు సంగతి బయటపడ్డది. మా లీడర్ అక్క ఒక్కటే అడిగింది: "ఆపరేషన్ కావాలన్నది పిల్లనా, పేరయ్యనా?" నా దగ్గర జవాబు లేదు. ఇంటికి పోయి బిడ్డను అడిగిన. "పెళ్లి కోసం అయితే వద్దమ్మా. కానీ పొద్దున లేవంగనే అద్దాల కోసం తడుముకోకుండా గోడ గడియారం చూడాలని నాకే ఉంది" అన్నది. అప్పుడు ఇద్దరం కలిసి హైదరాబాద్‌లో పెద్ద కంటి ఆసుపత్రికి పోయినం.

అక్కడ సగం రోజు పరీక్షలే. నల్లగుడ్డు మీది పారదర్శక పొర, అంటే కార్నియా, పలుచగా ఉందన్నరు. లేజర్ ఆ పొరనే చెక్కి పవర్ తగ్గిస్తది. పలుచటి పొరను అంతగా చెక్కితే చూపుకే ముప్పు. అందుకని వాళ్లు చెప్పింది ఐసీఎల్ అనే లెన్స్. మన కంట్లో ఉన్న సహజమైన లెన్స్‌ను తియ్యరు. దాని ముందు, కంటిపాప వెనకాల, మెత్తటి పలుచటి లెన్స్‌ను మడిచి చిన్న కోత నుంచి లోపల పెడతరు. అవసరమైతే మళ్ళీ తియ్యొచ్చు. శుక్లాల ఆపరేషన్ వేరు, ఇది వేరు.

ఇది అందరికీ కుదరదు. సాధారణంగా 21 ఏళ్లు నిండాలి, ఏడాదిగా పవర్ మారకుండా ఉండాలి. అందుకే పాత అద్దాల చీటీలు దాచిపెట్టండి, అవే సాక్ష్యం. కంటి లోపల లెన్స్ పట్టేంత జాగా ఉండాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఆగాలి.

మాకు అక్కడే ఇంకో సంగతి తెలిసింది. చుక్కలు వేసి చూస్తే కంటి వెనక పొర, రెటీనా, ఒక చోట బలహీనంగా ఉందన్నరు. ఎక్కువ మైనస్ ఉన్న కన్ను పొడవుగా సాగుతది, లోపలి పొర కూడా సాగి పలుచనవుతది. ముందు దానికి లేజర్‌తో కట్టు వేసి, కొన్ని వారాలు ఆగి, తర్వాత లెన్స్ పెట్టినరు. మొదటి చోట అడ్వాన్సు కట్టి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడ.

ఖర్చు 1,20,000. బిడ్డ స్కూలు జీతంలో దాచుకున్నది 40,000, నా చీటీ డబ్బు 30,000, సంఘం నుంచి 50,000. వాయిదా ఒక్కటి కూడా తప్పలేదని పుస్తకం చెప్తది.

ఆపరేషన్‌కు కన్నుకు అరగంట కూడా పట్టలేదు. కానీ తర్వాత చుక్కల మందులు, కన్ను నలపకుండుడు, పొయ్యి పొగకు దూరం, చెప్పిన రోజుకల్లా పరీక్ష. కొన్నాళ్లు రాత్రి దీపాల చుట్టూ వలయాలు కనబడ్డయి. ఇన్ఫెక్షన్, కంటి ఒత్తిడి పెరుగుడు, ముందుగానే శుక్లం రావడం వంటి ప్రమాదాలు తక్కువే అయినా ఉన్నయని ముందే రాసి సంతకం తీసుకున్నరు. నలభై దాటినాక దగ్గరి చూపుకు అద్దాలు రావొచ్చు.

అన్నిటికన్నా ముఖ్యం ఇది. అద్దాలు పోయినా కన్ను పొడవు మారదు. ఏటా రెటీనా పరీక్ష తప్పదు. ఉన్నట్టుండి కంట్లో మెరుపులు, నల్ల చుక్కల గుంపు, తెర దిగినట్టు నీడ కనబడితే తెల్లారేదాకా ఆగొద్దు.

ఇప్పుడు వచ్చిన సంబంధానికి బిడ్డే స్వయంగా ఆపరేషన్ సంగతి చెప్పింది. వాళ్లు ఆలోచించి చెప్తామన్నరు. చెప్పనీ. దాచి చేసే పెళ్లి మాకొద్దు.

ఆరోగ్య ఉపసంఘం తరఫున ఒక మనవి. ఏ ఆపరేషన్‌కైనా అప్పు రాసేముందు సంఘంలో మూడు ప్రశ్నలు అడుగుదాం: రోగి తనంతట తాను కోరుకున్నదా? ఇంకో డాక్టరుకు చూపించిండ్రా? మందులు, తర్వాతి పరీక్షలు కలిపి ఖర్చు కాగితం మీద ఉందా? నన్ను ఆ రోజు ఒక్క ప్రశ్న ఆపింది. మూడు అడిగితే ఇంకెంతమందిని ఆపుతదో!