నొప్పి యను కావలివాడు

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతములలో ఉమ్మెత్తకాయ నెఱుగనివారుండరు. దాని గింజలు తిన్నవానికి మతి చెడునని పిల్లలకు సయితము పెద్దలు చెప్పియుందురు. ఆ విషము చెట్టున కాయును, కంటికి కనబడును, కావున భయపడుదుము. నేడు ముచ్చటింపబోవు మత్తులు ప్రయోగశాలలలో పుట్టినవి. తెల్లని పొడియై, మాత్రయై చేతులు మారును. చదువులకై విజయవాడకో, హైదరాబాదుకో పోయిన మన బిడ్డలకు వానిని గుర్తించి భయపడుట కానవాలు లేదు.

వీనిని వైద్యులు డిసోసియేటివ్ మందులందురు. అనగా మనస్సును దేహమునుండి విడదీయునవి. 1956లో అమెరికాలోని పార్క్-డేవిస్ కంపెనీలో ఫెన్‌సైక్లిడిన్ తయారయ్యెను. శస్త్రచికిత్సకు పనికివచ్చునని తలచిరి. కాని మెలకువ వచ్చిన రోగులు కలవరముతో తల్లడిల్లుటచే 1965లో దానిని మనుష్యులకిచ్చుట మానిరి. ఈలోగా 1962లో కాల్విన్ స్టీవెన్స్ అను రసాయన శాస్త్రజ్ఞుడు కెటమిన్‌ను నిర్మించెను. ఇది శ్వాసను అంతగా అణచదు, రక్తపుపోటును పడిపోనీయదు. అందుచే నేటికిని చిన్న ఆసుపత్రులలోను, పశువైద్యమునను దీని నుపయోగింతురు.

ఇంతటి మేలైన మందు ప్రమాదకరమెట్లగును? మెదడులో గ్లూటమేట్ అను పదార్థము మోసుకొనివచ్చు వార్తలకు ఈ మందులు తలుపు మూయును. తన చేయి తనది కాదనిపించును. కాలము నిలిచినట్లుండును. నొప్పి తెలియదు. నొప్పిని మనము శత్రువని తలతుము. నిజమునకు అది కావలివాడు. నిప్పు సోకిన చేతిని వెనుకకు లాగునది అదియే. శస్త్రచికిత్సాలయమున ఆ కావలివాడు నిద్రించుచుండగా మత్తువైద్యుడు మేల్కొనియుండును. రహస్యముగ పుచ్చుకొన్నవానికి కావలి యెవరు? 2023 అక్టోబరులో అమెరికా నటుడు మాత్యూ పెర్రీ తన యింటి నీటితొట్టెలో మరణించెను. కెటమిన్ తీవ్రప్రభావమే ముఖ్యకారణమనియు, నీట మునుగుట తోడైనదనియు పరీక్షకులు తేల్చిరి.

మాటిమాటికి వాడువారికి మూత్రాశయము పుండుపడి కుంచించుకొనిపోవును. వేడి చేసినదని తల్లి బార్లీనీళ్లిచ్చి ఊరకుండును, లోపల వ్యాధి ముదురును.

మన దేశము 2011లో కెటమిన్‌ను మత్తుపదార్థముల చట్టము క్రిందికి తెచ్చెను. ప్రభుత్వములు కట్టడి చేయుకొలది దొంగ రసాయనికులు అణువులో నొక భాగమును మార్చి కొత్తవానిని దింపుచుందురు. అట్టిదే మెథాక్సెటమిన్. దానిని 2016లో ఐక్యరాజ్యసమితి నియంత్రణ పట్టికలో చేర్చెను. వైద్యుడు రోగికెన్నడు నీయని పదార్థమునకు సరియైన మోతాదును ఎవరు చెప్పగలరు? కొన్ని ఆలస్యముగ నెక్కును. పనిచేయలేదని మరల పుచ్చుకొన్నవాడు రెండింతల విషమును మ్రింగినవాడగును.

ఇంటిలో నెవరైన తూలుచు, కన్నులు అటునిటు కొట్టుకొనుచు, పిలిచిన పలుకకున్నచో నోట మజ్జిగగాని, నిమ్మరసముగాని పోయరాదు. ప్రక్కకు త్రిప్పి పరుండబెట్టి, ఒంటరిగ విడువక, 108కి కబురుచేయుడు. ఏమి పుచ్చుకొనెనో వైద్యునికి దాచక చెప్పుడు.

పరువు పోవునని, పోలీసులు వత్తురని జంకి పలు కుటుంబములు తలుపులు మూసికొనును. స్వల్పపరిమాణముతో పట్టుబడిన వ్యసనపరుడు తానై గుర్తింపుగల కేంద్రమున చికిత్సకు పూనుకొన్నచో, ఆ చట్టములోని 64-ఏ విభాగము అతనికి విచారణనుండి రక్షణ నిచ్చుచున్నది. మధ్యలో చికిత్స విడిచినచో ఆ రక్షణ తొలగవచ్చును. సలహాకు 14446 అను జాతీయ టెలిఫోను సంఖ్య కలదు. బిడ్డ తన నొప్పిని తానెఱుగలేని స్థితిలో నున్నపుడు, అతనికి కావలి కాయవలసినది ఇంటివారే.