కోటి రూపాయల ప్రశ్నకు ముందటి పరీక్ష



ప్రశ్న వేయుటయు, దానికి సమాధానము రాబట్టుటయు మనకు క్రొత్త విద్యలు కావు. భారతము అరణ్యపర్వమున యక్షుడు ధర్మరాజును ప్రశ్నించెను. తగిన సమాధానములు వినిన పిదపనే తమ్ములను బ్రదికించెను. అవధాన సభలలో పృచ్ఛకులు చుట్టును కూర్చుండి అడుగుచుండగా అవధాని తొట్రుపడక బదులు చెప్పుట మన తెలుగువారు మెచ్చిన వినోదము. మన యిండ్లలో అమ్మమ్మలు వేయు పొడుపుకథలును ఈ కోవలోనివే. అట్టి ప్రశ్న ఈ కాలమున టెలివిజను తెరమీదికి వచ్చి, కోటి రూపాయల మూట చేతబట్టుకొని నిలుచున్నది. ఆ మూటను గూర్చి అందఱును మాటాడుదురు. నేను మాటాడదలచినది దానికి ముందు వచ్చు ప్రవేశ పరీక్షను గూర్చి. ఏలయన, కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతముల యువతీయువకులలో ఎవరైనను ఈ క్రీడకు పోదలచినచో, వారికి ముందుగా ఎదురగునది కోటి రూపాయల ప్రశ్న కాదు, ఆ పరీక్షయే.

ఈ క్రీడ పుట్టినది ఇంగ్లండులో, 1998 సెప్టెంబరు 4వ తేదీన. మన దేశమున 2000 జూలై 3వ తేదీన 'కౌన్ బనేగా కరోడ్‌పతి' అను పేర హిందీలో, అమితాబ్ బచ్చన్ నిర్వాహకుడుగా మొదలైనది. ఆనాడు తెలుగున మాత్రమే చదువుకొన్న పల్లెటూరి విద్యార్థికి విషయము తెలిసియున్నను భాష అడ్డు తగిలెడిది. తెలిసిన దానిని పరభాషలో చెప్పలేక పోవుట తెలియకపోవుటతో సమానముగా లెక్కకు వచ్చెడిది. 2014 జూన్ మాసమున మా టీవీలో నాగార్జున నిర్వహణమున 'మీలో ఎవరు కోటీశ్వరుడు' ప్రారంభమైన తరువాతనే ఆ అడ్డు తొలగినది. 2017లో దానిని చిరంజీవి నడపిరి. 2021 ఆగస్టులో జెమిని టీవీలో జూనియర్ ఎన్.టి. రామారావు 'ఎవరు మీలో కోటీశ్వరులు' అను పేర దానిని మఱల ఆరంభించిరి. ఆ సంవత్సరము నవంబరులో కొత్తగూడెము ప్రాంతమునకు చెందిన పోలీసు సబిన్‌స్పెక్టరు ఒకరు కోటి రూపాయలు గెలిచిరి. తెలుగున ప్రశ్న వినిన తెలుగువాడు తెలుగున సమాధానము చెప్పి గెలువగలడని అందువలన ఋజువైనది.

ఇక పరీక్ష సంగతి. కాలమును బట్టి, కార్యక్రమమును బట్టి వివరములు మాఱుచుండును గాని మొత్తముమీద మార్గము ఇది. ముందుగా టెలివిజనులో ఒక ప్రశ్న వేయుదురు. దానికి ఫోను ద్వారా సమాధానము పంపవలయును. సరిగా చెప్పినవారిలో నుండి కంప్యూటరు కొందఱిని ఏఱును. ఏఱబడినవారిని ఫోనులో మఱికొన్ని ప్రశ్నలు అడుగుదురు. అందును నెగ్గినవారిని ఒక నగరమునకు పిలిపించి, సాధారణ విజ్ఞానమున పరీక్ష పెట్టి, ఎదుట కూర్చుండబెట్టి మాటాడించి చూతురు. ఆ వడపోతలో మిగిలినవారే తుదకు దీపముల వెలుగులో ఆసనములపై కూర్చుందురు. అచ్చటను మఱొక పరీక్ష కలదు. నాలుగు విషయములను సరియైన వరుసలో అందఱికంటె వేగముగా పేర్చినవారికే నిర్వాహకుని ఎదుటి కుర్చీ దొరకును.

ఈ మార్గమున రెండు ద్వారములు కలవని మీరు గమనింపవలయును. ఒకటి అదృష్ట ద్వారము, రెండవది జ్ఞాన ద్వారము. మాటవరుసకు లక్షమంది మొదటి ప్రశ్నకు సరియైన సమాధానము పంపిరనుకొందము. పిలువవలసినవారు వేయిమందియే అనుకొందము. అప్పుడు నూటికి తొంబదితొమ్మిదిమంది తెలిసియు మిగిలిపోవుదురు. వారి చదువులో లోపమేమియు లేదు. కంప్యూటరు వారి పేరును తీయలేదు, అంతియే. కావున పిలుపు రానివారు తాము ఓడిపోతిమని కుంగిపోవుట అనవసరము. సందేశమునకు రుసుము ఉన్నయెడల, ఒక్క యింటనుండి పదులకొలది సందేశములు పంపి కూలి డబ్బులు పోగొట్టుకొనుటయు వివేకము కాదు. ఎల్లారెడ్డి ప్రాంతమున ఒకదినపు కూలి ఎంత కష్టపడిన వచ్చునో నేను చెప్పనక్కఱలేదు.

జ్ఞాన ద్వారము వేఱు. అచ్చట అదృష్టమునకు చోటు మిక్కిలి తక్కువ. ఇరువది ప్రశ్నలు, ఒక్కొక్కదానికి నాలుగేసి సమాధానములు ఉన్నవనుకొనుడు. కన్నులు మూసికొని గుర్తులు పెట్టినను సగటున అయిదు సరిపోవును; అయిదింటితో ఎవరును నెగ్గరు. ప్రతి ప్రశ్నలోను రెండేసి తప్పు సమాధానములను తెలిసి త్రోసివేయగలిగినచో సగటు పదికి పెరుగును. అనగా సగము తెలిసినవానికిని ఆ సగము తెలివి పనికివచ్చును. నాలుగు విషయములను వరుసలో పేర్చుటకు 24 విధములు కలవు. వానిలో ఒక్కటియే సరియైనది. నాలుగేసి సమాధానములు గల పదునైదు ప్రశ్నలకు గ్రుడ్డిగా చెప్పి గెలువవలయునన్నచో 107 కోట్లకు పైబడిన విధములలో ఒక్క విధమే నెగ్గును. ఈ లెక్క చూచిన పిదప ఊహను నమ్ముకొని పోవువారుందురా?

మఱి ఏమి చదువవలయును? ప్రశ్నలు, జవాబులు గుదిగ్రుచ్చిన చౌక పుస్తకమును కంఠస్థము చేయుదుమని పలువురందురు. అట్లు నేర్చినది చిల్లుకుండలోని నీరు వంటిది. ఒకదానితో ఒకటి ముడివడిన జ్ఞానము నిలుచును. విడివిడిగా నున్నది జాఱిపోవును. మన యెదుటనే ఉన్న ఉదాహరణము చెప్పెదను.

ఎల్లారెడ్డికి దాపున నిజాంసాగరమున్నది. ఏటేట వానకాలమున దానిని చూడబోవువారు ఎందఱో కలరు. చూచి వచ్చినవారిని, ఇది ఏ నది మీది ఆనకట్ట అని అడుగుడు. మంజీర అందురు. మంజీర ఎక్కడ పుట్టినది? మహారాష్ట్రమున బాలాఘాటు కొండలలో. ఎచ్చట గోదావరిలో కలియును? నిజామాబాదు జిల్లా కందకుర్తి వద్ద. కట్ట ఎప్పుడు కట్టిరి? 1923లో మొదలుపెట్టి 1931 నాటికి ముగించిరి. అప్పటి ప్రభువు ఎవరు? మీర్ ఉస్మాన్ అలీఖాన్. కట్టించిన ఇంజనీరు? నవాబు అలీ నవాజ్ జంగు. ఆ కాలువల నీటితో ఏమి పండినది? వరియు, చెఱకును. చెఱకు పండుటచేత ఏమైనది? 1937లో బోధనులో నిజాం చక్కెర కర్మాగారము ఏర్పడినది. కామారెడ్డి బెల్లపు వ్యాపారమునకు పేరుపొందినది. చూచితిరా! ఒక్క కట్టమీద నిలుచుండి భూగోళము, చరిత్రము, వ్యవసాయము, వ్యాపారము నాలుగింటిని తడవితిమి. ఇట్లు నేర్చినవాడు ఏ ముడి పట్టుకొని లాగినను తక్కినవి కదలివచ్చును.

కామారెడ్డి పట్టణమును గూర్చియు అట్లే. ఊరి ప్రక్కగా పోవు రాజమార్గము ఏది? శ్రీనగరము నుండి కన్యాకుమారి వఱకు సాగు 44వ జాతీయ రహదారి. ఈ జిల్లా ఎప్పుడు ఏర్పడినది? 2016 అక్టోబరు 11న, నిజామాబాదు జిల్లా నుండి వేఱుపడి. సమీపమున ఉన్న దోమకొండ కోటకు 2022లో దొరికిన గౌరవమేమి? ఆసియా పసిఫిక్ ప్రాంతమునకు యునెస్కో ఇచ్చు వారసత్వ పరిరక్షణ పురస్కారము. బస్సులో ఆ ప్రక్కగా నిత్యము పోవుచు ఈ సంగతి ఎఱుగని వారెందఱు? ఇంటి జ్ఞానము లేనివానికి లోక జ్ఞానము నిలుచుటకు ఆధారమేది?

ఇంకొక సంగతి. ఎదుట కూర్చుండబెట్టి మాటాడించునప్పుడు వారు చూచునది జవాబులను మాత్రమే కాదు. మనిషి ధైర్యముగా, స్పష్టముగా తన ఊరిని, తన యింటిని, తన పనిని గూర్చి చెప్పగలడా యని కూడ చూతురు. మన పిల్లలకు చదువున్నను నోరు పెగలదు. దీనికి మందు మన చేతిలోనే ఉన్నది. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును స్థాపించిన పెద్దలు, తెలుగున చదువుకొన చోటు లేని కాలమున గ్రంథాలయమే మన పాఠశాల యని తలంచిరి. నేడును కామారెడ్డిలో, ఎల్లారెడ్డిలో ఉద్యోగ పరీక్షలకు చదువు యువకులు గ్రంథాలయపు బల్లల నాశ్రయించుచునే ఉన్నారు. వారు వారమునకొక గంట పుస్తకములు మూసి, ఒకరు ప్రశ్నింపగా పదిమంది లేచి నిలుచుండి జవాబు చెప్పు అలవాటు చేసికొన్నచో ఖర్చేమి? ఉపాధ్యాయులు పాఠశాలలలో గడియారము ఎదుట పెట్టి ఇట్టి పోటీలు నడపినచో నష్టమేమి? ఆ చదువు టెలివిజనుకు కాకున్నను పబ్లిక్ సర్వీసు కమిషను పరీక్షలో సాధారణ విజ్ఞానమునకు పనికివచ్చును. కోటి రాకపోయినను కొలువు రావచ్చును.

ఇక మిక్కిలి జాగ్రత్తతో వినవలసిన మాట యొకటి. ఈ క్రీడ పేరు చెప్పి మోసగించువారు దేశమంతట బయలుదేరినారు. "మీ ఫోను నంబరుకు 25 లక్షల రూపాయల లాటరీ తగిలినది, పన్ను క్రింద కొంత సొమ్ము పంపుడు" అని వాట్సాప్ ద్వారా సందేశము వచ్చును. క్రింద గొప్ప నటుని బొమ్మ, ముద్రలు, సంతకములు అన్నియు ఉండును. అమ్మలారా, అయ్యలారా! ఈ క్రీడలో లాటరీ లేదు. ప్రశ్న వేయక బహుమానమిచ్చు యక్షుడు పురాణమునను లేడు. ముందుగా సొమ్ము అడిగినవాడు, బ్యాంకు వివరములు అడిగినవాడు, ఫోనుకు వచ్చిన రహస్య సంఖ్యను చెప్పుమన్నవాడు దొంగ యని తెలిసికొనుడు. మోసపోయినచో సిగ్గుపడి దాచుకొనక వెంటనే 1930 అను నంబరుకు ఫోను చేయుడు. ఎంత త్వరగా తెలిపిన, పోయిన సొమ్మును అంత త్వరగా ఆపుటకు అవకాశమున్నది.

మోసము ఆడువారిని ఊరించువారిలోనే గాక, ఆట నడపువారిలోను ఒకప్పుడు బయటపడినది. అమెరికాలో 1950 తరువాతి సంవత్సరములలో ఒక ప్రసిద్ధ ప్రశ్నోత్తర క్రీడలో కొందఱికి జవాబులు ముందే చెప్పి ఆడించిరి. చార్లెస్ వాన్ డోరెన్ అను విద్వాంసుడు ఆ సంగతిని 1959లో శాసనసభ సంఘము ఎదుట ఒప్పుకొనెను. 1960లో అట్టి కపటమును నేరముగా ఎంచుచు అచ్చట చట్టము చేసిరి. లక్షల ధనము లభించినను పోయిన నమ్మకము తిరిగి రాదు. కావున "ముందుగానే ప్రశ్నలు ఇప్పింతుము" అని దరిజేరు మధ్యవర్తిని నమ్మకుడు. వానిచ్చినది నిజమైనను పాపమే, అబద్ధమైనను నష్టమే.

గెలుపు గూర్చియు ఒక మాట. బీహారు రాష్ట్రము మోతిహారికి చెందిన సుశీల్ కుమార్ 2011లో హిందీ క్రీడలో 5 కోట్లు గెలిచి దేశమంతట పేరుపొందెను. ఆ తరువాతి సంవత్సరములు తనకు మిక్కిలి గడ్డువి అయినవని 2020లో ఆయనయే బహిరంగముగా వ్రాసెను. ధనము వచ్చుటకు కావలసిన జ్ఞానము ఒకటి, వచ్చిన ధనమును నిలుపుకొనుటకు కావలసిన జ్ఞానము మఱొకటి. మొదటిదానికి పరీక్ష పెట్టుదురు. రెండవదానికి పరీక్ష పెట్టువారు లేరు. అందుకు ఇంటి పెద్దలే గురువులు.

ఎల్లారెడ్డికి రైలు లేదు. అచ్చటి బిడ్డ పరీక్షకు పోవలయునన్న బస్సులో కామారెడ్డికి వచ్చి, అక్కడి నుండి నగరమునకు పోవలయును, ఒకదినపు పని మానవలయును, చార్జీలు పెట్టుకొనవలయును. పిలుపు వచ్చి, జంకు లేక, చదువు చేతనుండినచో తప్పక పోవలసినదే. పోయి నెగ్గక తిరిగి వచ్చినవానిని ఊరివారు ఎగతాళి చేయరాదు. ఏ మన్నులో ఏ విత్తు మొలచునో ఎఱిగిన రైతు, ఏ రోగమునకు ఏ ఆకు నూఱవలయునో ఎఱిగిన ముసలమ్మ, ఆ పరీక్షకు పోయిన నెగ్గకపోవచ్చును. అంతమాత్రమున వారు అజ్ఞానులా? ఆ కాగితము కొలుచునది జ్ఞానములో ఒక పాలు మాత్రమే. అయినను ఆ పాలును సంపాదించుకొనుట మంచిదే. అదృష్టము మన వశమున లేదు. చదువు, నోటి ధైర్యము, మోసమును కనిపెట్టు తెలివి, ఈ మూడును మన వశమున ఉన్నవి. పిలుపు వచ్చినను రాకున్నను వానిని మన పిల్లలకు సమకూర్చుట మన విధి.